నలభయ్యో నంబరు ఇల్లు

1854 ఆగస్టు 31, గురువారం. పొద్దుగూకేదాకా సోహోలో అది మామూలు రోజే. లండన్ నడిబొడ్డునున్న ఆ పేటలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉండేవి. ఒక్కో గదిలో ఒక్కో సంసారం. దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు, చిన్నాచితకా దుకాణాలవాళ్ళు. బ్రాడ్ స్ట్రీట్‌లో కేంబ్రిడ్జ్ స్ట్రీట్ వచ్చి కలిసే చోట ఒక చేతిపంపు ఉండేది. చుట్టుపక్కల వీధుల్లో ఇంకా పంపులున్నా ఈ నీళ్ళకే పేరు. చల్లగా, తేటగా వచ్చేవి. ఇంటికి దగ్గరున్న పంపు నీళ్ళు బాగోవని, ఇంకాస్త దూరం నడిచి ఇక్కడికే కుండలూ బిందెలూ పట్టుకొచ్చేవాళ్ళు ఎందరో.

ఆ రాత్రి పొద్దుపోయాక మొదలైంది. కడుపులో తిప్పడం, వాంతులు, గంజినీళ్ళలాంటి విరేచనాలు. గంటల వ్యవధిలో ఒంట్లో నీరంతా పోయి కళ్ళు గుంటలు పడేవి, చర్మం నీలంగా మారేది, కాళ్ళూ చేతులూ కొంకర్లు పోయేవి. ఇంతా జరుగుతుంటే రోగికి తెలివి మాత్రం ఉంటుంది. తనకేమవుతున్నదో తనకు తెలుస్తూనే ఉంటుంది. సాయంత్రం భోజనం చేసి పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి లేరు. ఒకే గదిలో తల్లీ, తండ్రీ, పిల్లలూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. కలరా.

పక్కనే బెర్విక్ స్ట్రీట్‌లో సెయింట్ లూక్ చర్చి. అక్కడ సహాయ పాస్టరుగా ఉన్న హెన్రీ వైట్‌హెడ్‌కు అప్పటికి 28 ఏళ్ళు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని, 1851లో ఈ పేటకు వచ్చాడు. మూడేళ్ళలో వీధివీధీ, మెట్టుమెట్టూ అతనికి తెలిసిపోయింది. ఏ గదిలో ఎవరుంటారో, ఎవరి భర్త ఏ పని చేస్తాడో, ఎవరి బిడ్డకు ఎన్నేళ్ళో తెలిసిన మనిషి. శుక్రవారం ఉదయం నుంచి అతనికి కబుర్ల మీద కబుర్లు. ఒక ఇంట్లో ప్రార్థన చేసి మెట్లు దిగేలోపు ఇంకో ఇంటివాళ్ళు వచ్చి నిలబడుతున్నారు. ముందురోజు పలకరించిన మనిషి పక్కన మర్నాడు ఆఖరి ప్రార్థన చదవాల్సి వచ్చింది. బతికి బట్టకట్టగల స్థోమత ఉన్నవాళ్ళు మూటాముల్లే సర్దుకుని పేట వదిలిపోయారు. వీధుల్లో బ్లీచింగు సున్నం చల్లారు. కేంబ్రిడ్జ్ స్ట్రీట్ మూలకు 250 గజాల లోపల పది రోజుల్లో 500 మందికి పైగా పోయారు. మొత్తం మీద ఈ ఒక్క పేటలో ఆ జబ్బుకు బలైనవాళ్ళు 616 మంది.

వైట్‌హెడ్ ఎక్కడికీ పారిపోలేదు. ఈ కథకు అదే మూలం.

కలరా ఎలా వస్తుందో ఆనాటి పెద్దలకు ఏ సందేహమూ లేదు. కుళ్ళిన పదార్థాల నుంచి వచ్చే చెడుగాలే కారణం. ప్రజారోగ్య చట్టాలకు మూలపురుషుడైన ఎడ్విన్ చాడ్విక్ నమ్మకం అది. ఆరోగ్య మండలి అధ్యక్షుడు బెంజమిన్ హాల్ నమ్మకమూ అదే. సరిగ్గా ఆ రోజుల్లోనే మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో సోహో నుంచి వచ్చిన రోగులకు సేవ చేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా అదే నమ్మింది. వీళ్ళెవరూ మూర్ఖులు కారు. పేదలుండే చోట కంపు ఉంది, కంపు ఉన్న చోట జబ్బు ఉంది. ముక్కు చెప్పిన సాక్ష్యాన్ని కాదనడం అంత తేలిక కాదు. కానీ ఆ నమ్మకం చేసిన నష్టం చిన్నది కాదు. ఇళ్ళ కింది మురుగుగుంటల కంపు వదిలించాలని ఆ మలమంతా కాలువల్లోంచి థేమ్స్ నదిలోకి పంపారు. నగరంలో చాలా ఇళ్ళకు తాగునీరు వచ్చేది ఆ నదిలోంచే.

కాదన్నవాడు ఒకడున్నాడు. పేరు జాన్ స్నో. యార్క్‌లో కూలివాడి ఇంట, తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవాడిగా 1813లో పుట్టాడు. పద్నాలుగేళ్ళకే న్యూకాజిల్‌లో ఒక వైద్యుడి దగ్గర శిష్యరికానికి చేరాడు. ఇంకా ఇరవై నిండకముందే కిల్లింగ్‌వర్త్ బొగ్గుగనిలో కలరా పడ్డ కార్మికుల మధ్య పనిచేశాడు. భూగర్భంలో, ఏ మురుగుకాలువా లేని చోట, ఆ జబ్బు మనిషి నుంచి మనిషికి పాకడం చూశాడు. గనిలో చేతులు కడుక్కునే వీలుండదు. అక్కడే మలవిసర్జన, ఆ చేతులతోనే తిండి. చెడుగాలి ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు పేగుల్లో ఎందుకు మొదలవుతుందన్నది అతని ప్రశ్న. కలరా విషం నోటి ద్వారా లోపలికి పోతుందని, రోగి మలం కలిసిన నీళ్ళే దానికి ప్రధాన వాహనమని 1849లోనే చిన్న పుస్తకం రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అతనికి పేరు తెచ్చింది ఇంకో విద్య. మత్తుమందు ఎంత మోతాదులో ఇవ్వాలో లెక్కగట్టి చెప్పిన మొదటి తరం వైద్యుల్లో అతనొకడు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫామ్ ఇచ్చింది అతనే. మద్యం ముట్టడు. నీళ్ళు శుద్ధి చేసుకోకుండా తాగడు. సోహోకు కూతవేటు దూరంలో సాక్‌విల్ స్ట్రీట్‌లో కాపురం.

సోహోలో జబ్బు పడేనాటికి స్నో థేమ్స్ దక్షిణపు ఒడ్డున ఇంకో పరిశోధనలో తలమునకలుగా ఉన్నాడు. అక్కడ ఒకే వీధిలో రెండు కంపెనీల గొట్టాలు. లాంబెత్ కంపెనీ 1852లో తన నీళ్ళు తోడుకునే చోటును నగరపు మురుగు కలవని ఎగువకు, థేమ్స్ డిట్టన్‌కు మార్చుకుంది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మాత్రం నగరం మధ్యనే తోడుతోంది. పక్కపక్క ఇళ్ళు, ఒకే గాలి, ఒకే బీదరికం, నీళ్ళు మాత్రం వేరు. తమకు నీళ్ళిచ్చే కంపెనీ పేరు అద్దెకున్నవాళ్ళలో చాలామందికి తెలియదు. స్నో దానికీ ఒక ఉపాయం కనిపెట్టాడు. దిగువ నీళ్ళలో ఉప్పు శాతం చాలా ఎక్కువ. సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే తెల్లగా విరిగేవి. అలా సీసాతో ఇంటింటికీ తిరిగి తేల్చిన లెక్క ఇది: ఏడు వారాల్లో సదర్క్ కంపెనీ నీళ్ళు వాడిన ప్రతి 10,000 ఇళ్ళకు 315 చావులు, లాంబెత్ నీళ్ళు వాడిన ప్రతి 10,000 ఇళ్ళకు 37. నా దృష్టిలో బ్రాడ్ స్ట్రీట్ పంపు కన్నా ఇదే అతని గొప్ప పని. కానీ లోకం గుర్తు పెట్టుకున్నది పంపునే.

సెప్టెంబరు 3, ఆదివారం సాయంత్రం స్నో ఆ పంపు దగ్గరికి వచ్చి నీళ్ళు పట్టుకున్నాడు. తేటగానే ఉన్నాయి. సూక్ష్మదర్శిని కింద పెట్టినా తెల్లని నలుసులు కొన్ని తప్ప దోషమంటూ చెప్పదగ్గది కనబడలేదు. ఇంకొకరైతే అక్కడితో ఆగేవారు. స్నో జనన మరణాల రిజిస్ట్రారు కార్యాలయానికి పోయి చావుల పట్టిక తెచ్చుకున్నాడు. ఆ వారం చివరి మూడు రోజుల్లో నమోదైనవి 83. ఆ చిరునామాలు పట్టుకుని నడిచాడు. దాదాపు అన్నీ ఆ పంపుకు దగ్గరివే. ఇంకో పంపు దగ్గరగా ఉన్న ఇళ్ళలో చావులు పదే. వాళ్ళలో ఐదుగురి ఇళ్ళవాళ్ళు తమకు బ్రాడ్ స్ట్రీట్ నీళ్ళే ఇష్టమని, రోజూ అక్కణ్ణుంచే తెప్పించుకునేవాళ్ళమని చెప్పారు. ఇంకో ముగ్గురు ఆ పంపు పక్క నుంచే బడికి పోయే పిల్లలు.

కాఫీ హోటలు నడిపే ఒకావిడ తన దగ్గర భోజనం చేసేవాళ్ళలో తొమ్మిది మంది అప్పటికే పోయారని చెప్పింది. ఆవిడ హోటల్లో ఇచ్చేది ఆ పంపు నీళ్ళే. 37వ నంబరులో ఈలీ సోదరుల తుపాకీ క్యాపుల ఫ్యాక్టరీ. సుమారు 200 మంది పనివాళ్ళు. వాళ్ళ దాహానికి రెండు తొట్లనిండా అవే నీళ్ళు. 18 మంది పోయారు. మరి అదే వీధిలోని బీరు కర్మాగారంలో డెబ్బై మందికి పైగా ఉన్నా ఒక్కరికీ ప్రాణం మీదికి రాలేదు. పనివాళ్ళకు బీరు ఉచితం. నీళ్ళు తాగేవాళ్ళే లేరని యజమాని హగిన్స్ చెప్పాడు. ఆ ఆవరణలో సొంత బావి కూడా ఉంది. పోలండ్ స్ట్రీట్‌లో దిక్కులేని పేదలుండే వర్క్‌హౌస్ చుట్టూ ఇళ్ళలో శవాలు లేస్తున్నాయి. లోపల 535 మంది ఉంటే పోయింది ఐదుగురు. వాళ్ళకూ సొంత బావి ఉంది. గాలి అందరిదీ ఒకటే కదా!

స్నోకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం సోహోలో దొరకలేదు. ఊరికి దూరంగా, గుట్టమీద మంచి గాలి వీచే హాంప్‌స్టెడ్‌లో దొరికింది. అక్కడ సుసానా ఈలీ అనే 59 ఏళ్ళ విధవరాలు సెప్టెంబరు 2న కలరాతో పోయింది. హాంప్‌స్టెడ్‌లో ఇంకెవరికీ జబ్బు లేదు. ఆవిడ సోహోకు వచ్చి నెలలు గడిచాయి. ఫ్యాక్టరీ సోదరుల తల్లి ఆవిడ. ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లోనే ఉండేది. ఆ నీళ్ళ రుచి మరవలేక రోజూ బండి మీద ఒక సీసా తెప్పించుకునేది. కొడుకులు ప్రేమగా పంపిన సీసా అది. ఆవిడను చూడటానికి వచ్చి ఆ నీళ్ళు తాగిన మేనకోడలు ఇజ్లింగ్టన్‌లోని తన ఇంటికి పోయి చనిపోయింది. అక్కడా ఇంకెవరికీ కలరా లేదు.

సెప్టెంబరు 7, గురువారం సాయంత్రం. పేట స్థానిక పాలన చూసే సెయింట్ జేమ్స్ పారిష్ పాలకుల సమావేశం. ఏం చేయాలో తోచక కూర్చున్న ఆ పెద్దల ముందుకు స్నో వెళ్ళి తన లెక్కలు వినిపించాడు. పంపు పిడి తీసేయమని కోరాడు. వాళ్ళు నమ్మారని కాదు. చేయడానికి ఇంకేమీ లేక ఒప్పుకున్నారు. మర్నాడు, 8వ తేదీ శుక్రవారం, పిడి ఊడదీశారు.

చాలా పుస్తకాల్లో కథ ఇక్కడ ముగిసిపోతుంది. పిడి తీశారు, కలరా ఆగింది, సైన్సు గెలిచింది. నిజంగా జరిగింది అది కాదు. పిడి తీసేనాటికే చావులు బాగా తగ్గుముఖం పట్టాయి. జనం పారిపోవడం వల్లనో, నీళ్ళు వాటంతటవే బాగుపడటం వల్లనో తగ్గి ఉండవచ్చని, పిడి తీయడం వల్లే ఆగిందని చెప్పడం కుదరదని స్నో స్వయంగా రాశాడు. తన వాదానికి అడ్డొచ్చే మాటను తనే రాసి పెట్టిన నిజాయితీ అది. ఆరోగ్య మండలి వేసిన శాస్త్రజ్ఞుల సంఘం మాత్రం స్నో వాదాన్ని నమ్మడానికి ఆధారమేమీ లేదని తోసిపుచ్చింది. జబ్బు సద్దుమణిగాక పంపుకు పిడి మళ్ళీ బిగించారు.

ఇక్కడ మళ్ళీ వైట్‌హెడ్ రంగంలోకి వస్తాడు, స్నోకు ఎదురుగా.

అతను ఆ శరదృతువులోనే తన పేటలో జరిగిన దాని మీద చిన్న పుస్తకం రాశాడు. మురికి ఇళ్ళవాళ్ళే పోయారన్నది అబద్ధమని, శుభ్రంగా ఉంచుకున్న ఇళ్ళూ తుడిచిపెట్టుకుపోయాయని అందులో చెప్పాడు. పోయినవాళ్ళ పరువు కోసం నిలబడ్డాడు. చెడుగాలి సిద్ధాంతం తన కళ్ళతో చూసినదానికి సరిపోవడం లేదు. అలాగని స్నో మాటా అతనికి మింగుడుపడలేదు. జబ్బులో ఆ పంపు నీళ్ళే కడవల కొద్దీ తాగి లేచి కూర్చున్నవాళ్ళను అతను చూశాడు. అంతెందుకు, ఆ రోజుల్లోనే ఒక రాత్రి తనూ బ్రాందీలో ఆ నీళ్ళు కలుపుకుని తాగాడు. ఏమీ కాలేదు. పైగా ఒక చిక్కు ప్రశ్న. నీళ్ళే విషమైతే పిడి తీసేదాకా చావులు పెరుగుతూ పోవాలి కదా? ముందే ఎందుకు తగ్గాయి?

నవంబరులో పారిష్ తన సొంత విచారణ సంఘాన్ని వేసింది. వైట్‌హెడ్ అందులో సభ్యుడు, స్నో కూడా. స్నో తన పుస్తకం రెండో కూర్పు ప్రతిని పాస్టరుకు ఇచ్చాడు. చదివి, సరిగ్గా విచారిస్తే ఈ వాదం నిలవదని వైట్‌హెడ్ అతనికి ఉత్తరం రాశాడు. రాసి ఊరుకోలేదు. దాన్ని తనే తప్పని నిరూపించడానికి బయల్దేరాడు.

ఇక్కడే అతనంటే నాకు గౌరవం. స్నో మాట్లాడింది ఎక్కువగా చావులున్న ఇళ్ళతో. వైట్‌హెడ్ బతికినవాళ్ళ దగ్గరికీ పోయాడు. నీళ్ళు తాగీ జబ్బు రానివాళ్ళెంతమంది, తాగకపోయినా వచ్చినవాళ్ళెంతమంది తెలియకపోతే లెక్క పూర్తికాదని, ఏ వైద్యవిద్యా చదవని ఆ పాస్టరుకు తట్టింది. బ్రాడ్ స్ట్రీట్ అంతా ఇల్లిల్లూ తిరిగాడు. ఒకసారి పోయి గుర్తులేదన్న ఇంటికి ఇంకోసారి పోయాడు. పేట విడిచి పోయినవాళ్ళ జాడ తీశాడు. నీళ్ళు తాగారా, ఎప్పుడు, ఎవరు తెచ్చారు అని అడిగాడు. మొదట మేము ఆ నీళ్ళు ముట్టలేదన్న ఇళ్ళవాళ్ళు కాసేపు ఆలోచించి, పిల్లను పంపి తెప్పించామని నాలుక్కరుచుకునేవాళ్ళు. అపరిచితుడైన డాక్టరుకైతే ఆ తలుపులు అన్నిసార్లు తెరుచుకునేవి కావు. ఆ ఇళ్ళలో చావుబతుకుల రాత్రి మంచం పక్కన కూర్చున్న మనిషి కనుక తెరుచుకున్నాయి.

లెక్క తేలింది. పంపు నీళ్ళు తాగిన 137 మందిలో 80 మందికి జబ్బు వచ్చింది. తాగని 297 మందిలో వచ్చింది 20 మందికి. కాదని నిరూపించడానికి పోగేసిన అంకెలు ఔనని చెప్పాయి. నెమ్మదిగా, ఇష్టం లేకుండానే ఆ నిర్ణయానికి వచ్చానని అతను తన నివేదికలో దాచకుండా రాశాడు.

అయినా ఆ చిక్కు ప్రశ్న అలాగే ఉంది. విషం బావిలోకి ఎలా వచ్చింది? ఎందుకు వచ్చి, ఎందుకు ఆగింది? అంతకుముందే బావిని లోపలినుంచి పరిశీలించారు. ఇటుక వరస బాగానే ఉందన్నారు.

1855 వసంతంలో ఒక రోజు వైట్‌హెడ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఇంకేదో వెదుకుతూ చావుల పట్టికలు తిరగేస్తున్నాడు. ఒక నమోదు దగ్గర కళ్ళు ఆగిపోయాయి. బ్రాడ్ స్ట్రీట్, 40వ నంబరు, సెప్టెంబరు 2, ఐదు నెలల ఆడబిడ్డ, నాలుగు రోజుల విరేచనాల తర్వాత నీరసించి మరణం. ఆ ఇల్లు అతనికి తెలుసు. ఆ బిడ్డ పోయిన సంగతీ తెలుసు. పసిబిడ్డల విరేచనాలు ఆ రోజుల్లో మామూలు కనుక ఎవరూ దాన్ని కలరా లెక్కలో వేసుకోలేదు. ఇప్పుడు తేదీలు చూస్తున్నాడు. సెప్టెంబరు 2 నుంచి నాలుగు రోజులు వెనక్కి పోతే ఆగస్టు చివరి మంగళవారం. పేట మొత్తం పడిపోయిన గురువారం రాత్రికి రెండు రోజుల ముందు.

నలభయ్యో నంబరు ఇల్లు ఎక్కడుంది? పంపు సరిగ్గా దాని ముందే ఉంది.

పట్టిక మూసి అతను నేరుగా ఆ ఇంటికి పోయాడు. తల్లి సారా లూయిస్ ఇంట్లోనే ఉంది. భర్త థామస్ లూయిస్ పోలీసు కానిస్టేబులు. అతనూ ఆ సెప్టెంబరులోనే పోయాడు. బిడ్డనూ భర్తనూ పోగొట్టుకున్న ఆ ఇల్లాలిని పాస్టరు అడగాల్సింది చాలా చిన్న సంగతి. పాపకు ఒంట్లో బాగాలేనప్పుడు పొత్తిగుడ్డలు ఎక్కడ ఉతికావు, ఆ నీళ్ళు ఎక్కడ పారబోశావు? ఆవిడ దాచడానికేముంది? బకెట్లో నానబెట్టి ఉతికింది. ఆ నీళ్ళు ఇంటి ముందున్న మురుగుగుంటలో పోసింది. ఏ తల్లయినా చేసేదే చేసింది.

పారిష్ సర్వేయరు జెహోషాఫాట్ యార్క్ ఏప్రిల్‌లో ఇంటి ముందు తవ్వించాడు. ఈసారి బావి లోపలినుంచి చూసి ఊరుకోలేదు, చుట్టూ నేల తవ్వారు. మురుగుగుంట ఇటుకలు పుచ్చిపోయి చేత్తో లాగితే ఊడొస్తున్నాయి. గుంటకూ బావి గోడకూ మధ్య దూరం మూడడుగులు కూడా లేదు. ఆ మధ్యనున్న మట్టంతా మలంతో నానిపోయి ఉంది.

చిక్కుముడి విడిపోయింది. బిడ్డకు జబ్బు చేసినన్నాళ్ళూ గుడ్డలు ఉతికిన నీళ్ళు గుంటలో పడ్డాయి, గుంటలోంచి బావిలోకి ఊరాయి. సెప్టెంబరు 2న బిడ్డ పోయింది. ఉతకడానికి గుడ్డల్లేవు, పారబోయడానికి నీళ్ళు లేవు. బావిలోకి కొత్త విషం రావడం ఆగిపోయింది. ఉన్నది పలుచనవుతూ వచ్చింది. పిడి తీయకముందే చావులు తగ్గడానికి కారణం ఇదీ. స్నో వాదానికి అడ్డుగోడగా నిలిచిన ప్రశ్నే చివరికి దాన్ని నిలబెట్టింది.

ఇంకొకటుంది. కానిస్టేబులు థామస్ లూయిస్‌కు జబ్బు మొదలైంది సెప్టెంబరు 8న. పిడి ఊడదీసిన రోజునే. పదకొండు రోజులు పోరాడి 19న పోయాడు. ఆ పదకొండు రోజులూ అదే తల్లి, అదే గుంటలో మళ్ళీ నీళ్ళు పోసింది. బావి మళ్ళీ విషమైంది. కానీ పైన పంపుకు పిడి లేదు. ఒకే ఒక్క రోజు ఆలస్యమై ఉంటే, జబ్బు తగ్గిందని పేటకు తిరిగొస్తున్న జనం ఆ నీళ్ళు తాగేవాళ్ళు. పిడి తీయడం మొదటి విపత్తును ఆపలేదు. రెండోదాన్ని రాకుండా ఆపింది. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

స్నో గీసిన పటం ఇప్పుడు లోకప్రసిద్ధం. వీధుల వెంబడి ఒక్కో చావుకు ఒక్కో నల్లగీత. విచారణ సంఘం నివేదిక కోసం అతను ఆ పటంలో ఇంకొక వంకర గీత కూడా చేర్చాడు. ఆ గీత మీద ఎక్కడ నిలబడినా బ్రాడ్ స్ట్రీట్ పంపుకూ, దాని తర్వాత దగ్గర పంపుకూ నడవాల్సిన దూరం సమానం. గద్ద ఎగిరే దూరం కాదు, బిందె పట్టుకుని మనిషి సందుల్లో నడిచే దూరం. చావులు ఆ గీత దగ్గరికి వచ్చేసరికి పలచబడతాయి.

ఇద్దరూ స్నేహితులయ్యారు. తామిద్దరూ ఆ రోజు చూడకపోవచ్చని, అప్పటికి తన పేరు ఎవరికీ గుర్తు లేకపోవచ్చని, కానీ ఈ జబ్బు ఎలా పాకుతుందో తెలిసిన కారణంగానే మహమ్మారులు గతించిపోయే కాలం వస్తుందని స్నో తనతో అన్నట్టు వైట్‌హెడ్ తర్వాత రాశాడు. స్నో నిజంగానే ఆ రోజు చూడలేదు. 1858 జూన్ 16న, 45 ఏళ్ళ వయసులో, పక్షవాతంతో పోయాడు. ప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్ అతని మరణవార్తలో మత్తుమందు పరిశోధనలను తలచుకుంది. కలరా మాటే ఎత్తలేదు. సరిగ్గా అదే వేసవిలో మురుగుతో నిండిన థేమ్స్ కంపుకు తాళలేక పార్లమెంటు దిగివచ్చి, ఇంజనీరు జోసెఫ్ బేజల్‌గెట్ చేతికి భూగర్భ కాలువల పని అప్పగించింది. కంపు వదిలించుకోవడానికి కట్టిన కాలువలే మలాన్ని తాగునీటికి దూరం చేశాయి.

స్నో వాదాన్ని పూర్తిగా ఒప్పుకోని వాళ్ళలో గణాంకవేత్త విలియం ఫార్ కూడా ఉన్నాడు. స్నోకు చావుల పట్టికలు దొరికింది ఆయన కార్యాలయంలోనే. 1866లో తూర్పు లండన్‌లో మళ్ళీ కలరా పడి ఐదువేల మందికి పైగా పోయినప్పుడు ఆయన ముందుగా అడిగిన ప్రశ్న నీళ్ళు ఎవరివని. ఈస్ట్ లండన్ కంపెనీవి. నీళ్ళన్నీ వడగట్టే ఇస్తున్నామని కంపెనీ చెప్పుకుంది. గొట్టాల్లో పాములాంటి ఈల్ చేపలు దొరికాయని ఇళ్ళవాళ్ళు చెప్పారు. ఓల్డ్ ఫోర్డ్ దగ్గర కప్పులేని చెరువుల్లోంచి మురికి నీరు కలిసిందని విచారణలో తేలింది. ఈసారి నీళ్ళు కాచి తాగమని వీధుల్లో నోటీసులు అంటించారు. స్నో పేరు చెప్పి, అతను చెప్పిందే నిజమని ఫార్ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత లండన్‌లో మరో కలరా మహమ్మారి రాలేదు. ఆ సూక్ష్మజీవిని ఫ్లారెన్స్‌లో ఫిలిప్పో పచీనీ 1854లోనే సూక్ష్మదర్శిని కింద చూశాడు. సోహోలో అప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళ తర్వాత, 1884లో, రాబర్ట్ కోచ్ కలకత్తా వచ్చి, జనం స్నానాలకూ తాగడానికీ వాడే ఒక చెరువు నీళ్ళలో దాన్ని పట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ వీధి పేరు బ్రాడ్విక్ స్ట్రీట్. ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషన్‌లో దిగితే కొద్ది నిమిషాల నడక. అసలు పంపు ఉన్న చోట రోడ్డంచున ఎర్రని గ్రానైట్ రాయి వేశారు. దగ్గర్లోనే పిడి లేని నమూనా పంపు ఉంటుంది. మూలమీద బార్‌కు జాన్ స్నో పేరే పెట్టారు. అక్కణ్ణుంచి ఇంకాస్త నడిస్తే ఫ్రిత్ స్ట్రీట్. స్నో తొలినాళ్ళలో వైద్యం చేసిన వీధి, 1926 జనవరిలో జాన్ బెయిర్డ్ మొదటిసారి శాస్త్రజ్ఞులకు టెలివిజన్ చూపిన వీధి కూడా అదే. దాని పక్కన డీన్ స్ట్రీట్‌లో, కలరా పడ్డ ఆ సెప్టెంబరులో కార్ల్ మార్క్స్ కుటుంబం ఇరుకు గదుల్లో బతుకుతోంది. ఇంత చరిత్రను ఇంత చిన్న పేటలో దాచుకున్న నగరం ఐరోపాలో మరొకటి చూపడం కష్టం.

పంపు దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. నేను చెప్పేదేమంటే, రెండు నిమిషాలు నడిచి బెర్విక్ స్ట్రీట్‌లోకి కూడా పోవాలి. సెయింట్ లూక్ చర్చి 1936లో కూల్చేశారు, ఇప్పుడు చూడటానికి ఏమీ లేదు. కానీ ఆ వీధిలోంచే ఒక పాస్టరు తన అభిప్రాయం నెగ్గాలని బయల్దేరి, ఇంటింటి తలుపూ తట్టి, దొరికిన నిజం తనకు వ్యతిరేకంగా ఉన్నా దాన్ని అలాగే రాసి ఇచ్చాడు. తర్వాత ఉత్తరాన పల్లెటూరి చర్చిల్లో పనిచేసి 1896లో పోయేదాకా, తన చదువుగదిలో స్నో చిత్రపటం ఉంచుకున్నాడు. స్నో పేరు గుర్తుండదేమోనన్న భయం తీరిపోయింది. గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకా మిగిలింది హెన్రీ వైట్‌హెడ్ పేరే.